మేయరు తొలి ఏడాదికి మార్కులు ఎలా వేయాలి?

విశాఖపట్నం నగరపాలన గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: పెద్ద నగరాల్లో మేయరు పదవి చేపట్టి ఏడాది కాగానే ఇచ్చిన హామీలెన్ని, నెరవేరినవెన్ని అంటూ పత్రికలు, టీవీ చానెళ్ళు మార్కులు వేస్తుంటాయి. న్యూయార్క్, లండన్ మేయర్ల విషయంలో ఈ సందడి మరీ ఎక్కువ. మన విశాఖ మేయరును కూడా ఇదే పద్ధతిలో అంచనా వేయవచ్చా? వేయకూడదంటే దేన్ని చూసి మార్కులు వేయాలి?
– పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: అంచనా వేయవచ్చు. ప్రజల ఓటు మీద నిలబడిన ఏ పదవైనా ఏడాదికోసారి లెక్క చెప్పుకోవలసిందే. అయితే న్యూయార్క్ కొలతతో విశాఖను కొలిస్తే, అడగవలసిన వారిని వదిలేసి చేతిలో అధికారం లేనివారిని నిలదీసినట్టవుతుంది.

న్యూయార్క్‌లో మేయరును ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు. పారిశుద్ధ్యం, పోలీసు వంటి శాఖల అధిపతులను మేయరే నియమిస్తారు, బడ్జెటును ప్రతిపాదించేదీ మేయరే, నగర మండలి చేసిన స్థానిక చట్టం నచ్చకపోతే వీటో చేసే అధికారమూ ఉంది. లండన్ సంగతి వేరు. అక్కడ ఇంటింటి చెత్త సేకరణ మేయరు పని కాదు, అది 32 బరోలు అనే స్థానిక పాలక ప్రాంతాలు, సిటీ ఆఫ్ లండన్ చూసుకుంటాయి. మేయరు చేతిలో ప్రధానంగా ఉన్నవి రవాణా, పోలీసు వ్యవస్థపై పర్యవేక్షణ, నగర ప్రణాళిక. మన దేశంలోనూ అన్ని ఊళ్ళకూ ఒకే పద్ధతి లేదు. కోల్‌కతాలో మేయరు, ఆయన ఎంచుకున్న కొందరు సభ్యులు కలిసి మంత్రివర్గం తరహాలో కార్యనిర్వాహక అధికారాన్ని నడుపుతారు. ఢిల్లీలో మేయరు పదవీకాలమే ఒక సంవత్సరం కనుక అక్కడ తొలి ఏడాది, చివరి ఏడాది ఒకటే.

విశాఖపట్నానికి 1979లో కార్పొరేషన్ హోదా ఇచ్చినప్పుడు 1955 నాటి హైదరాబాదు నగరపాలక సంస్థల చట్టాన్నే ఇక్కడికి వర్తింపజేశారు. ఆ చట్టం అధికారాన్ని మూడు చోట్ల పంచింది: కార్పొరేటర్లందరూ కూర్చునే పాలకమండలి, వారిలోంచి ఏటా ఎన్నికయ్యే స్థాయీ సంఘం, రాష్ట్ర ప్రభుత్వం నియమించే కమిషనర్. పనులు చేయించేది, సిబ్బందిని నడిపించేది, బిల్లులు చెల్లించేది, పనుల ఖర్చు అంచనాలు తయారుచేయించేది కమిషనర్. మేయరు పాలకమండలికీ స్థాయీ సంఘానికీ అధ్యక్షత వహిస్తారు. రోడ్డు వేయించమని మేయరు ఎవరినైనా కోరవచ్చు, ఒత్తిడి తేవచ్చు, తీర్మానం చేయించవచ్చు, కానీ వర్క్ ఆర్డరు మీద సంతకం మేయరుది కాదు.

కాబట్టి విశాఖ మేయరు తొలి ఏడాది పరీక్ష నగరం వీధుల్లో కంటే పాలకమండలి సమావేశ మందిరంలోనే ఎక్కువగా జరుగుతుందని నా అభిప్రాయం. ఆ మందిరంలో చూడవలసినవి పత్రికల్లో పెద్దగా కనిపించవు. అజెండా కార్పొరేటర్ల చేతికి ఎన్ని రోజుల ముందు చేరింది? సమావేశం మొదలయ్యాక బల్ల మీదికి వచ్చే టేబుల్ అజెండాలో ఎలాంటి అంశాలున్నాయి? అత్యవసర పనులకోసం ఉద్దేశించిన ఆ దారిలో భూముల లీజులు, కాంట్రాక్టుల పొడిగింపులు, టెండరు లేకుండా అప్పగించే నామినేషన్ పనులు వచ్చాయంటే చర్చను తప్పించారనే అర్థం, దానికి అధ్యక్ష స్థానంలో ఉన్నవారే జవాబుదారీ. అజెండాలో లేని సమస్యలను ప్రస్తావించే జీరో అవర్‌లో సభ్యులు లేవనెత్తిన విషయాలకు తర్వాతి సమావేశంలో అధికారులు లిఖితపూర్వకంగా సమాధానమిచ్చారా? ప్రతిపక్ష సభ్యులు పోడియం ముందు బైఠాయించినప్పుడు చర్చ జరిపించారా, లేక గందరగోళం మధ్యనే అన్ని అంశాలూ ఆమోదం పొందినట్టు ప్రకటించి సభను ముగించారా? రెండోదే అలవాటుగా మారితే, ఊరంతా కొత్త దీపాలు వెలిగినా ఆ మేయరుకు నేను మంచి మార్కులు వేయను.

ఒక మామూలు పనిని దగ్గరగా చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. కొండల మీది నీరంతా గెడ్డల గుండానే సముద్రంలోకి పోవలసిన ఊరు మనది. నైరుతి రుతుపవనాలు జూన్‌లో వస్తాయి కనుక గెడ్డల్లో పూడికతీత మే నెలాఖరుకు ముగియాలి. అలా ముగియాలంటే వార్డుల వారీగా అంచనాలు చలికాలంలోనే సిద్ధం కావాలి, స్థాయీ సంఘం ఆమోదం వేసవికి ముందే రావాలి, టెండరు పిలిచి, ఖరారు చేసి, ఒప్పందం రాయించుకోవడానికి వ్యవధి మిగలాలి. ఇదే అంశం ఏప్రిల్ చివర అజెండాలోకి వస్తే పని జూన్‌లో మొదలవుతుంది. అప్పుడు తీసిన బురదను గట్టు మీదే కుప్ప పోస్తారు, మొదటి వానకే అది మళ్ళీ గెడ్డలోకి దిగుతుంది, కొలతల పుస్తకంలో మాత్రం పని పూర్తయినట్టే ఉంటుంది. ఈ మొత్తంలో మేయరు చేతిలో ఉన్నది ఒక్కటే, అంశాన్ని సకాలంలో అజెండాకు రప్పించడం. చూడటానికి చిన్నదే గాని, లోతట్టు వీధుల్లో ఇళ్ళలోకి నీళ్ళు రావడానికీ రాకపోవడానికీ మధ్య ఉన్న తేడా చాలాసార్లు ఆ తేదీయే.

హామీల జాబితా పట్టుకుని మార్కులు వేయడంలో ఇంకో చిక్కుంది. పెద్ద పనులు ఏడాదిలో కంటికి కనిపించవు. కెన్ లివింగ్‌స్టన్ 2000 మే నెలలో లండన్ తొలి మేయరుగా ఎన్నికయ్యారు. నగరం నడిబొడ్డుకు వచ్చే వాహనాలపై రద్దీ రుసుము ఆయన పేరుకు ముడిపడిన నిర్ణయం. అది అమల్లోకి వచ్చింది 2003 ఫిబ్రవరి 17న. తొలి వార్షికోత్సవం నాడు మార్కులు వేసినవారికి అందులో కనిపించేవి సంప్రదింపులు, సన్నాహాలు మాత్రమే. అందుకే మొదటి సంవత్సరంలో ఫలితం కంటే ముందుగా, పనికి కావలసిన కాగితం ఎంత దూరం నడిచిందో అడగాలి.

ప్రశ్న: పాతనగరంలో మా ఇళ్ళ మీద బొగ్గు ధూళి పడుతోంది. బస్సులు చాలవు. జాతీయ రహదారి మీద ప్రమాదాలు తగ్గడం లేదు. వీటిలో ఏది మేయరు ఖాతాలో రాయాలి?
– పాఠకుడు, వన్‌టౌన్

జవాబు: మీరు చెప్పిన మూడింటిలో ఏదీ నేరుగా మేయరు ఖాతాలోకి రాదు. సరకుల ధూళికి పోర్టు యాజమాన్యాన్నీ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలినీ అడగాలి. బస్సులు ఆర్టీసీవి. నగరం మధ్యగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి కేంద్ర సంస్థది, ట్రాఫిక్ నియంత్రణ పోలీసులది. ఎన్.ఎ.డి. కూడలి ఫ్లైఓవర్‌నూ కైలాసగిరినీ చూసేది నగరపాలక సంస్థ కాదు, 2018లో పట్టణాభివృద్ధి సంస్థ వుడా స్థానంలో వచ్చిన మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వి.ఎం.ఆర్.డి.ఎ.). కింగ్ జార్జ్ ఆసుపత్రి (కె.జి.హెచ్.) రాష్ట్ర ప్రభుత్వానిది. ప్రారంభోత్సవాల నాడు ఈ తేడాలన్నీ చెరిగిపోయి, రిబ్బను దగ్గర ఎవరు నిలబడితే పని వారిదే అన్నట్టు ఫొటోలు వస్తాయి. సొమ్మొకడిది సోకొకడిది అనే మాట ఇలాంటి చోటే గుర్తొస్తుంది.

నగరపాలక సంస్థ ఖాతాలోకి కచ్చితంగా వచ్చేవి తక్కువేమీ కాదు. కొళాయి నీరు, చెత్త, వీధి దీపాలు, వార్డు రోడ్లు, గెడ్డలు, భూగర్భ డ్రైనేజీ, దోమల నివారణ, వీధి కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు, భవన నిర్మాణ అనుమతులు, జనన మరణ ధ్రువపత్రాలు, కొండవాలు కాలనీల్లో మెట్లు, రక్షణ గోడలు దానివే. భీమిలి నుంచి అనకాపల్లి దాకా 98 వార్డుల్లో ఇవన్నీ నడవాలి. మార్కులు వేయాలనుకుంటే ఈ జాబితా దాటి బయటికి పోవద్దు. ధూళి విషయంలో మాత్రం ఒక మాట చేర్చాలి. కాలుష్య నియంత్రణ మండలి అధికారులనూ పోర్టు ప్రతినిధులనూ పిలిపించి పాలకమండలిలో చర్చ పెట్టించడానికి మేయరుకు అడ్డమేమీ లేదు. అధికారం లేకపోవడం వేరు, నోరు మెదపకపోవడం వేరు.

ప్రశ్న: నగరాల పరిశుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో వచ్చే ర్యాంకు చూస్తే మేయరు పనితీరు తెలిసిపోదా?
– పాఠకుడు, సీతమ్మధార

జవాబు: తెలియదు. 2017లో విశాఖపట్నం దేశంలో 3వ స్థానంలో నిలిచింది. 2019లో 23వ స్థానానికి పడిపోయింది. ఆ రెండు సంవత్సరాల్లోనూ విశాఖకు మేయరే లేరు.

ప్రశ్న: మేయరు లేకుండానే ర్యాంకులు వచ్చాయి, హుద్‌హుద్ తుపాను తర్వాత నగరం లేచి నిలబడింది. జనానికి కమిషనర్ల పేర్లు గుర్తున్నంతగా మేయర్ల పేర్లు గుర్తుండవు. అలాంటప్పుడు మేయరు ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఏమిటి?
– పాఠకుడు, గాజువాక

జవాబు: మీ ప్రశ్నలో నిజం ఉంది. 2007లో ఎన్నికైన పాలకమండలి గడువు 2012లో ముగిశాక, 2021 మార్చి దాకా విశాఖకు ఎన్నికలు జరగలేదు. ఐదేళ్ళ గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243–యు అధికరణం చెబుతున్నా, తొమ్మిదేళ్ళు పాలకమండలి బదులు ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారి పాలనే సాగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల తొలి జాబితాలో విశాఖకు చోటు దక్కింది. ఇవన్నీ అధికారుల హయాంలోనివే. 1994లో ప్లేగు వార్తలతో వణికిన సూరత్ నగరాన్ని ఆ మరుసటి ఏడాది నుంచి శుభ్రం చేసిన ఖ్యాతి కూడా అప్పటి కమిషనర్ ఎస్.ఆర్. రావుదే, మేయరుది కాదు.

కానీ మంచి కమిషనర్ వచ్చాడా లేదా అన్నది మన చేతిలో లేని విషయం. బదిలీ ఉత్తర్వు వచ్చిన మర్నాడు ఆయన వెళ్ళిపోతాడు, ఆయన మొదలుపెట్టిన పని వచ్చినవారికి నచ్చకపోతే ఆగిపోతుంది. ఎన్నికలు లేని ఆ తొమ్మిదేళ్ళలో ఒక కొండవాలు వీధిలో రక్షణ గోడ కావాలనుకున్నవారు ఏం చేశారో గుర్తు చేసుకోండి. సోమవారం ఫిర్యాదుల రోజున అర్జీ పట్టుకుని వరుసలో నిలబడ్డారు, రసీదు తీసుకున్నారు, మళ్ళీ వచ్చారు. ఆ గోడ ఎందుకు మంజూరు కాలేదని నలుగురి ముందు లేచి అడిగే మనిషి లేడు. కార్పొరేటరు అంటే ఆ మనిషి. ఆయనకు మైకు ఇచ్చే అధికారం, అధికారి చేత జవాబు చెప్పించే అధికారం మేయరుది. మేయరు ఆ అధికారాన్ని వాడకపోతే మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ప్రత్యేకాధికారి పాలనకూ దానికీ తేడా నిజంగానే ఉండదు.

ప్రశ్న: 2021లో కొత్త పాలకమండలి వచ్చిన ఏడాదే ఇంటి పన్ను పద్ధతి మారింది, చెత్తకూ రుసుము పెట్టారు. ఆ తొలి ఏడాదిని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఎలా అంచనా వేస్తారు?
– పాఠకురాలు, మర్రిపాలెం

జవాబు: తొలి ఏడాది మార్కుల్లో ఉండే చిక్కులన్నీ ఆ ఒక్క సంవత్సరంలోనే కనిపిస్తాయి కనుక కాస్త వివరంగా చెబుతాను. 2021 మార్చి 10న పోలింగు జరిగింది. 98 వార్డుల్లో 58 వైఎస్సార్ కాంగ్రెస్‌కు, 30 తెలుగుదేశానికి వచ్చాయి. మార్చి 18న గొలగాని హరి వెంకట కుమారి మేయరుగా ఎన్నికయ్యారు. ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలైంది. అంటే ఆ ఏడాది బడ్జెటును మలచుకోవడానికి రెండు వారాలకు మించి వ్యవధి లేదు. ఆ వెంటనే కోవిడ్ రెండో ఉద్ధృతి వచ్చిపడింది. ఈ రెండు కారణాల వల్ల మొదటి అర్ధ సంవత్సరపు లోటుపాట్లను ఆమె ఖాతాలో వేయడం న్యాయం కాదు.

ఇంటి పన్ను సంగతి వేరు. అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేయాలన్న చట్టం 2020లో రాష్ట్ర ప్రభుత్వం చేసింది, 2021 ఏప్రిల్ నుంచి అమలు చేయించింది. పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదన్న పరిమితి పెట్టారు. ఈ పరిమితి విన్నప్పుడు చాలామందికి ఊరట కలిగింది, లెక్క వేసి చూస్తే అంత ఊరటేమీ లేదు. 2,000 రూపాయల పన్ను కట్టే ఇంటికి పూర్తి 15 శాతం చొప్పున పెరుగుతూ పోతే మొదటి ఏడాది 2,300, రెండో ఏడాది 2,645, మూడో ఏడాది సుమారు 3,042 అవుతుంది. తొలి ఏడాది నోటీసులో కనిపించింది 300 రూపాయలే, అసలు భారం ఆ తర్వాత సంవత్సరాల్లో పడింది. తొలి ఏడాది నిర్ణయాలను తొలి ఏడాది అనుభవంతోనే తూచకూడదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

2021 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) పథకం ప్రారంభించింది, దానితోనే చెత్త సేకరణ రుసుమూ వచ్చింది. అది కూడా పైనుంచి దిగినదే, 2024లో ప్రభుత్వం మారాక పైనుంచే రద్దయింది. మరి మేయరును అడగవలసిందేమిటి? చట్టం రాష్ట్రానిదే కావచ్చు, నోటీసు మీద పేరు మాత్రం నగరపాలక సంస్థది. ఆ నోటీసు పంపే ముందు ప్రతి వార్డు సచివాలయంలో పాత పన్ను, కొత్త పన్ను పక్కపక్కన పెట్టి చూపించారా, అభ్యంతరాలకు తగినంత గడువు ఇచ్చి, వచ్చిన అభ్యంతరాలను పాలకమండలి ముందుంచారా, వసూలైన అదనపు మొత్తం ఏ పనులకు వెళ్ళిందో బడ్జెటులో విడిగా చూపించారా అని అడగాలి. ఏ పార్టీ మేయరైనా సొంత ప్రభుత్వం తెచ్చిన పన్ను విషయంలో ఈ ప్రశ్నలను మనస్ఫూర్తిగా స్వాగతించరు. తొలి ఏడాదిలో మేయరు స్వతంత్రత తేలేది కూడా అక్కడే.

ప్రశ్న: అవిశ్వాస తీర్మానంతో మధ్యలో వచ్చిన మేయరుకు తొలి ఏడాది లెక్క ఎలా?
– పాఠకుడు, మధురవాడ

జవాబు: 2025 ఏప్రిల్ 19న హరి వెంకట కుమారిపై అవిశ్వాస తీర్మానం 74 ఓట్లతో నెగ్గింది, ఏప్రిల్ 28న పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు. 2021 మార్చి 18న మొదలైన పాలకమండలికి ఐదేళ్ళ గడువు 2026 మార్చి దాకానే. అంటే ఆయనకు దక్కిన కాలం ఏడాదికి తక్కువే. అలాంటి మేయరును కొత్త పథకాల గురించి అడగడం కంటే, పాత పాలకమండలి తీర్మానించి వదిలేసిన పనుల్లో ఎన్నింటిని ముగించారని అడగడం సబబు. మేయరు మారకముందు పరిస్థితి మరింత విడ్డూరంగా ఉండేది. 2024 ఆగస్టులో స్థాయీ సంఘంలోని 10 స్థానాలనూ తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమి గెలుచుకుంది, సంఘానికి అధ్యక్షురాలు మాత్రం వైఎస్సార్ కాంగ్రెస్ మేయరు. ఆ నెలల్లో ఏ పని ఎందుకు జరిగిందో, ఎందుకు ఆగిందో ఒకరి ఖాతాలో రాయడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న: మీరు చెప్పిన అజెండాలు, తీర్మానాలు మాలాంటివారి చేతికి ఎలా వస్తాయి?
– పాఠకురాలు, పెందుర్తి

జవాబు: మీ వార్డు కార్పొరేటరుకు అజెండా ప్రతి అందుతుంది కనుక ముందు వారిని అడగండి. దొరకకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద నగరపాలక సంస్థ పౌర సమాచార అధికారి పేరిట 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి రాయండి. దరఖాస్తులో ‘ఎందుకు చేయలేదు’ వంటి ప్రశ్నలు రాస్తే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపే వీలుంది, కాబట్టి కాగితాలే అడగండి. పలానా తేదీ నుంచి పలానా తేదీ దాకా పాలకమండలి, స్థాయీ సంఘం చేసిన తీర్మానాల ప్రతులు, టేబుల్ అజెండాగా వచ్చిన అంశాల జాబితా, మీ వార్డులో మంజూరైన పనులకు అంచనా మొత్తం, పరిపాలనా ఆమోదం తేదీ, ఒప్పందం తేదీ, ఇప్పటిదాకా చెల్లించిన బిల్లు వివరాలు కావాలని రాస్తే చాలు. కాపీలకు పేజీకి ఇంత అని విడిగా కట్టవలసి వస్తుంది. ఒక వార్డుతో మొదలుపెడితే కాగితాల కట్ట మీ చేతిలో ఇముడుతుంది, చదవగలుగుతారు కూడా.